నిమ్మకాయ పిండిన రాళ్లు

తెలంగాణ రాష్ట్రం రావడానికి ఏడెనిమిదేళ్ల ముందు, ఒక ఫిబ్రవరి ఆదివారం మధ్యాహ్నం, మా బావమరిది మా ఇంట్లో వడ్డించిన కంచం ముందు నుంచి లేచి వెళ్లిపోయాడు. రెండడుగుల చేపల తొట్టి, అందులోని ఐదు రాళ్లు, ఒక నిమ్మకాయ, నేను - ఇవీ అందుకు కారణాలు.

అప్పుడు నేను గోదావరిఖనిలో, భూగర్భ గనిలో పంపు ఆపరేటర్ని. గని లోపల ఊరే నీటిని పైకి తోడించడం నా పని. బడి చదువు పదో తరగతితో ఆగింది కానీ చదవడం ఆగలేదు. డ్యూటీ లేని పూటల్లో గ్రంథాలయంలోనే ఉండేవాణ్ని. ఇంగ్లిషు పుస్తకాన్ని పక్కన నిఘంటువు పెట్టుకుని కూడబలుక్కునేవాణ్ని. చదివింది ఎవరికో ఒకరికి చెప్పేదాకా నిద్రపట్టేది కాదు. అందరికంటే ఓపికగా వినేవాడు మా బావమరిదే.

అతను నా భార్యకు తమ్ముడు. బసంత్‌నగర్ సిమెంటు ఫ్యాక్టరీలో లారీలకు బస్తాలెత్తేవాడు. తల్లిదండ్రులు లేని నా భార్యకు పుట్టిల్లంటే అతనొక్కడే. ప్రతి ఆదివారం బస్సెక్కి మా క్వార్టరుకు వచ్చేవాడు, అక్క చేతి కూర తిని సాయంత్రం వెళ్లేవాడు. ఆమె వారమంతా ఆ ఒక్కరోజు కోసమే కూరలు ఆలోచించేది.

ఆ చలికాలం ఒక మిత్రుడి వెంట పెళ్లి కార్డు ఇవ్వడానికి జ్యోతినగర్ వెళ్లాను. అక్కడ ఒక ఇంజనీరు గారి హాల్లో చేపల తొట్టి ఉంది. కార్డు ఇచ్చి మిత్రుడు లేచినా నేను లేవలేకపోయాను. అంత చిన్న నీళ్లలో అన్ని ప్రాణులు ఊపిరి ఎలా తీసుకుంటున్నాయి? వాటి మురికి ఎక్కడికి పోతోంది? గనిలో నీళ్లు నిలిస్తే రెండురోజుల్లో వాసనొస్తాయి, ఇవెందుకు రావు? ఇంజనీరు గారు నా ప్రశ్నలకు నవ్వి ఊరుకున్నారు. నెల తిరక్కుండా నేను అద్దాల దుకాణంలో తొట్టి అతికించుకుని, గోదావరి ఇసుక ఏడుసార్లు కడిగి పోసి, గాలి పంపు, స్పాంజి ఫిల్టరు, నాలుగు గోల్డ్ ఫిష్‌లు తెచ్చాను.

మరుసటి ఆదివారం బావమరిది సిమెంటు సంచిలో రాళ్లు మోసుకొచ్చాడు. ఫ్యాక్టరీకి సున్నపురాయి తెచ్చే లారీల నుంచి రోడ్డు మీద రాలిన ముక్కల్లో నుంచి ఏరినవి. తేనెరంగు చారలున్న ఐదు రాళ్లు. వాటిలో పెద్దదానికి గుహలాంటి సందు ఉంది.

"బావ, నీ చేపలకు బంగ్లా తెచ్చిన," అన్నాడు.

చేపలు ఆ బంగ్లాలో వారం కూడా ఉండలేదు. నాలుగూ చచ్చాయి. మళ్లీ నాలుగు తెచ్చాను. అవీ చచ్చాయి.

మేం నిర్లక్ష్యం చేయలేదు. మా ఊళ్లో పొద్దున ఆరేసిన తెల్ల బనీను సాయంత్రానికి బూడిదరంగుకు తిరిగేది. బొగ్గు దుమ్మును తుడవడం, కడగడం, తోమడం మా ఇళ్లలో పూజకన్నా ముందు జరిగే పని. అందుకే ప్రతి ఆదివారం పొద్దున చేపల్ని బకెట్లో వేసి, తొట్టి నీళ్లన్నీ పారబోసి, ఇసుక, రాళ్లు, స్పాంజి అన్నీ నల్లా కింద బ్రష్షుతో రుద్ది తళతళలాడించేవాళ్లం. ఇంత శుభ్రంగా ఉంచినా ఎందుకు చస్తున్నాయో అర్థం కాలేదు.

గ్రంథాలయంలో చేపల తొట్టి మీద ఒకే ఒక ఇంగ్లిషు పుస్తకం ఉంది. గ్రంథాలయాధికారి కోస్తా నుంచి వచ్చినాయన. "అది ఇంటికివ్వకూడదండీ, ఇక్కడే కూర్చుని చదువుకోండి," అన్నారు. రెండో షిఫ్టుకు వెళ్లబోయే ముందు గంటసేపు కూర్చున్నాను. ఒక పేజీ అడుగున నాకు కావలసింది దొరికింది. సున్నపురాయి నీళ్లలో కొద్దికొద్దిగా కరిగి నీటిని కఠినజలంగా మారుస్తుందట. కొన్ని చేపలకు అది పడదట. రాయి మీద పుల్లటి రసం వేసినప్పుడు బుడగలొస్తే అది సున్నపురాయేనట. గని సైరను మోగింది. నోటుబుక్కులో రాసుకుని, పుస్తకం మూసి పరుగెత్తాను.

ఆ ఆదివారం నాతో పనిచేసే ఇద్దరు భోజనానికి వచ్చారు. బావమరిది వాళ్ల పక్కనే కూర్చున్నాడు. కంచాలు వడ్డిస్తుంటే నేను పెద్దరాయిని తొట్టిలోంచి తీసి, ముందు పెట్టి, నిమ్మకాయ కోసి పిండాను. బుస్సుమని తెల్లటి నురగ లేచింది.

"బావ, నిమ్మకాయ రాయికి పిండుతున్నవ్. చేపలకు కద పిండాలె," అన్నాడు బావమరిది. అందరూ నవ్వారు.

నవ్వు నాకు నచ్చలేదు. "నవ్వుడు కాదు. గీ రాళ్లే చంపినయ్. పుస్తకంల ఉన్నది. తెలువకపోతే తేవొద్దు, తెచ్చి ఎనిమిది పానాలు తీసినవ్," అన్నాను.

ఒక మిత్రుడు "సిమెంటోల్లు ఏం తెచ్చినా గట్టిపడుడే," అని జోకు కలిపాడు. బావమరిది చేతిలోని ముద్దను కంచంలో పెట్టి, చేయి కడుక్కుని, చెప్పులేసుకున్నాడు. అక్క వాకిలిదాకా వెంటపడినా ఆగలేదు.

తరువాతి ఆదివారం రాలేదు. ఆ తరువాతి ఆదివారమూ రాలేదు.

నేను రాళ్లు తీసేసి ఇంకో నాలుగు గోల్డ్ ఫిష్‌లు తెచ్చాను. ఆదివారం తోమి, కొత్త నీళ్లు పోశాను. బుధవారానికి ఒక్కటీ మిగల్లేదు.

నా భార్య ఖాళీ తొట్టిని చూసి అడిగింది. "రాళ్లు బయటున్నయ్. మరి గిప్పుడు ఎవలు చంపిన్రు?"

ఆ ప్రశ్న గనిలో పంపు పక్కన కూర్చున్నప్పుడు కూడా చెవిలో తిరిగింది. పంపు దగ్గర మేం ప్రతి గంటకూ నీటిమట్టం, మోటారు తీసుకునే కరెంటు పుస్తకంలో రాస్తాం. మోటారు ఎందుకు కాలిందో కాలిన తరువాత చూస్తే తెలియదు. అంతకుముందు రాసినవి చూస్తే తెలుస్తుంది. తొట్టికి కూడా అలాగే రాద్దామని నోటుబుక్కు తీశాను. ఎప్పుడు ఏం చేశామో, ఏ చేప ఎప్పుడు చచ్చిందో ఇద్దరం గుర్తు చేసుకుని వరుసగా రాశాం. రాసింది మళ్లీ పైనుంచి చదివాను. మూడు విడతల్లోనూ చావులన్నీ తోమిన రెండు మూడు రోజులకే.

మర్నాడు గ్రంథాలయం తలుపులు తెరిచేసరికి మెట్ల మీద ఉన్నాను. అదే పుస్తకం, అదే పేజీ. ఈసారి పేజీ తిప్పాను. కఠినజలం పడనిది అడవి వాగుల్లో పుట్టిన కొన్ని రకాల చేపలకేనట. గోల్డ్ ఫిష్ దాన్ని తట్టుకుంటుందట, మోలీ, గప్పీ లాంటివాటికి ఆ నీళ్లే హాయట. నిజానికి మా నల్లా నీళ్లే కఠినజలం. సబ్బు నురగ రాదు, నీళ్లు కాచే గిన్నెకు తెల్లటి పెచ్చు కడుతుంది. రోజూ చూస్తూనే నేను రాళ్లను పట్టుకున్నాను.

ఆ తరువాతి అధ్యాయాన్ని నోటుబుక్కులోకి ఎత్తి రాసుకున్నాను. చేపల విసర్జన నుంచి నీళ్లలో కంటికి కనబడని విషం చేరుతుంది. దాన్ని తిని అంత హానిలేని పదార్థంగా మార్చే సూక్ష్మజీవులుంటాయి. అవి ఇసుక మీద, రాళ్ల మీద, స్పాంజిలో గూడు కట్టుకుంటాయి, స్థిరపడటానికి నెలా నెలన్నర పడుతుంది. ఇంజనీరు గారి ఇంట్లో నన్ను వేధించిన ప్రశ్నకు జవాబు అదే. ఆ జీవుల్నే మేం ఆదివారం ఆదివారం బ్రష్షు పెట్టి రుద్ది, నల్లాలోని బ్లీచింగు నీళ్లతో కడిగి చంపాం. పైగా గోల్డ్ ఫిష్ చాలా మురికి చేస్తుంది, చల్లటి నీళ్లు కోరుతుంది, అడుగు పొడవు దాకా ఎదగగలదు. రెండడుగుల తొట్టికి, మా ఎండలకు అది తగిన చేపే కాదు.

ఇంటికొచ్చి నా భార్యకు అంతా ఉత్సాహంగా చెప్పాను. ఆమె బియ్యం ఏరుతూ విని, "రాళ్ల తప్పు లేదని నాకు చెప్తె ఏమొస్తది? మా తమ్మునికి చెప్పు," అంది.

బసంత్‌నగర్ బస్సెక్కాను. ఫ్యాక్టరీ గేటు ఎదురుగా చాయ్ హోటలు దగ్గర బావమరిది దొరికాడు. కనుబొమ్మల దాకా సిమెంటు. నోటుబుక్కు చూపించి, పేజీ తిప్పకపోవడం దగ్గర్నుంచి బ్రష్షు దాకా చెప్పాను. తప్పు నాదన్నాను.

చాయ్ సగం తాగి గ్లాసు పెట్టాడు. "ఒక్క పేజీ తిప్పనందుకు గంతమంది ముంగట నా ఇజ్జత్ తీసినవా బావ?"

నేను నోటుబుక్కు మూశాను.

"నాకు గిక్కడ చెప్పుడు కాదు. నా రాళ్లే తొట్ల పెట్టు. ఎండకాలం దాటనియ్యి. ఒక్క చేప సావకుంటే, గా ఇద్దర్ని మళ్ల పిలువు. గప్పుడు వస్త, అన్నం తింట."

"చేప పానం నా చేతుల ఉంటదా?"

"మరి ఎనిమిది పానాలు నా చేతుల ఎట్ల ఉన్నయ్?" అని లేచాడు. నా చాయ్‌కి పైసలు మాత్రం తనే ఇచ్చాడు.

అప్పుడు మార్చి మొదటివారం. మా దగ్గర ఎండలు మార్చిలోనే మొదలై జూన్ దాకా పోవు.

రాళ్లు ఎక్కడ పడేశావని నా భార్యను అడిగితే, "నువ్వు పడెయ్యుమన్నవ్, నేను పడెయ్యలె," అని నీళ్ల డ్రమ్ము వెనక నుంచి నాలుగు తీసింది. పెద్దది కిటికీ బయట కూలరు స్టాండు కాలి కింద ఉంది. దాని స్థానంలో ఇటుక పెట్టి బయటికి లాగాను.

ఈసారి నీళ్లను చేపకు తగ్గట్టు మార్చాలనుకోలేదు. మా నీళ్లకు, మా వేడికి తగిన చేపను వెతికాను. పుస్తకంలోని పేర్లన్నీ రాసుకుని ఒక్కొక్కటే కొట్టేశాను. చివరికి నల్ల మోలీ మిగిలింది. వేలెడంత చేప. కఠినజలం ఇష్టం, వెచ్చదనం ఓర్చుకుంటుంది.

చేపల దుకాణమాయన ముఖం చిట్లించాడు. "గా నల్లయి ఎందుకన్నా, గోల్డ్ తీస్కపో, చమక్ ఉంటది."

"రెండు నల్లయే ఇయ్యి. మళ్ల నెలకు మూడు తీస్కపోత. ఇంకోటి, నీ తొట్టిల నడుస్తున్న స్పాంజి ముక్క కొంచెం ఇయ్యి."

"మురికి స్పాంజా? గిట్ల అడిగినోన్ని నిన్నే చూసిన," అని కోసిచ్చాడు. ఆ ముక్కలో సూక్ష్మజీవులు ఉంటాయని, వాటితో తొట్టి త్వరగా కుదురుతుందని చెప్పాను. ఆయన ఇంకో గిరాకీ వైపు తిరిగాడు.

పక్క క్వార్టరు అక్క వచ్చి చూసి, "పొద్దంత బొగ్గుల ఉంటవ్, ఇంట్ల గూడ బొగ్గు చేపలేనా?" అంది. నేను అప్పుడే చిటికెడు మేత లెక్కపెట్టి వేస్తున్నాను. రెండు నిమిషాల్లో తినేసేంతే వేయాలి. వారానికి పావువంతు నీళ్లే మార్చాలి. ఆ పావువంతు కూడా డ్రమ్ములో ఒకరోజు నిలవ ఉంచి బ్లీచింగు వాసన పోయినవే పోయాలి. స్పాంజిని నల్లా కింద కాకుండా తొట్టిలోంచి తీసిన నీళ్లలోనే పిండాలి. అన్నిటికంటే కష్టమైంది రాళ్ల మీద పట్టిన పాచిని తోమకుండా ఉండటం. నా భార్య చేయి రెండుసార్లు బ్రష్షు మీదకు పోయి ఆగింది.

ఏప్రిల్‌లో మిగతా మూడూ తెచ్చాను. అయిదూ తిరుగుతున్నాయి. మే నెలలో తొట్టి నీళ్లు ముప్పైరెండు డిగ్రీలు చూపించాయి. కుండకు చుట్టినట్టు తడి గోనెసంచి తొట్టికి మూడు వైపులా చుట్టి, కూలరు గాలికి పెట్టాను. రెండు డిగ్రీలు దిగింది.

ఒకరోజు నేను మొదటి షిఫ్టులో ఉండగా గాలిదుమారం వచ్చి మా వీధిలో స్తంభం ఒరిగింది. గని పైకి వచ్చాక ఆ కబురు తెలిసింది. కరెంటు లేదంటే కూలరు లేదు, గాలి పంపూ లేదు. నీళ్లు వేడెక్కే కొద్దీ వాటిలో ప్రాణవాయువు తగ్గుతుందని చదివిన వాక్యం సైకిలు తొక్కినంతసేపూ నా ముందు నడిచింది.

ఇంట్లో నా భార్య తొట్టి ముందు పీట వేసుకుని కూర్చుంది. చెంబుతో తొట్టిలోంచే నీళ్లు తీసి, జానెడు ఎత్తు నుంచి సన్నటి ధారగా మళ్లీ తొట్టిలోకే పోస్తోంది, చాయ్ చల్లార్చినట్టు. చీర కుచ్చిళ్లు తడిసి ఉన్నాయి. నోటుబుక్కులో ఆ రోజు పేజీ నిండా నిలువు గీతలు. యాభై చెంబులకొక గీత గీసిందట.

"గాలి ఉంటే పానం ఉంటదని నువ్వే చెప్తివి గద," అంది. "నువ్వు గనిల పంపు నడిపినవ్, నేను ఇంట్ల నడిపిన."

చెంబు నేను అందుకున్నాను. సాయంత్రం కరెంటు వచ్చేదాకా వంతులవారీగా పోశాం. అయిదూ బతికాయి.

జూన్‌లో మొదటి వాన పడ్డాక ఆ ఇద్దరు మిత్రుల్ని మళ్లీ పిలిచాను. బసంత్‌నగర్‌కు కబురు పంపాను. ఆ ఆదివారం పొద్దున మేత వేసి లెక్కపెడితే నాలుగే ఉన్నాయి. మళ్లీ లెక్కపెట్టాను. నాలుగే. తొట్టి చుట్టూ నేల మీద వెతికాను, మూత కింద వెతికాను. నా భార్య వంటింటి గుమ్మంలో నిలబడి నా ముఖం చూసి లోపలికి వెళ్లింది. కూర మాడిన వాసన వచ్చింది.

మిత్రులిద్దరి వెనకే బావమరిది వచ్చేశాడు. చెప్పులు విడిచి నేరుగా తొట్టి దగ్గరికే నడిచాడు.

"ఎన్ని తెచ్చినవ్?"

"అయిదు."

వేలు చూపిస్తూ లెక్కపెట్టాడు. "నాలుగే ఉన్నయ్."

"నాలుగే," అన్నాను. అబద్ధం చెప్పడానికి నోరు రాలేదు. మిత్రులు కూడా వంగి చూస్తున్నారు.

అతను తన పెద్దరాయి వైపు తల వంచాడు. కన్ను అద్దానికి ఆనించి ఆ గుహలాంటి సందులోకి చూశాడు. "అక్కా, బ్యాటరీ లైటు తే," అన్నాడు.

లైటు వేస్తే సందు లోపల అయిదో మోలీ ఉంది. దాని పొట్ట సన్నబడింది. రాళ్ల మధ్య ఖాళీల్లో, ఆవగింజ తల, సన్నటి తోక ఉన్న నల్లటి పిల్లలు. ఏడు దాకా లెక్కపెట్టి తప్పిపోయాను. మోలీలు గుడ్లు పెట్టవని, పిల్లల్నే కంటాయని, దాక్కునే చోటు లేకపోతే పెద్దచేపలే వాటిని తినేస్తాయని నేను చదివాను. ఆ రాళ్ల సందులు లేకుంటే మాకు ఒక్క పిల్ల కూడా కనబడేది కాదు.

నేను నోటుబుక్కు తెరిచి, ఇద్దరు మిత్రుల ముందు నిలబడి, ఆ రోజు నేనన్న మాట తప్పని, రాళ్ల వల్ల కాదు నా బ్రష్షు వల్ల చచ్చాయని చెప్పాను. తరువాత సూక్ష్మజీవుల పేజీ చదవడం మొదలుపెట్టాను. మూడో వాక్యంలో బావమరిది ఆపాడు.

"చాలు బావ. తప్పు అన్నవ్, విన్న. చదువుడు అన్నం తిన్నంక."

సిమెంటు జోకు వేసిన మిత్రుడు తన పక్కన చాప సర్ది చోటిచ్చాడు. నా భార్య కంచాలు పెట్టింది. బావమరిది కంచంలో కోసిన నిమ్మచెక్క ఉంది. అతను దాన్ని చేతిలోకి తీసుకుని, తొట్టి వైపు ఒకసారి, నా వైపు ఒకసారి చూసి, కూరలో పిండుకున్నాడు.

"జర మాడింది అక్క," అన్నాడు.

"తిను," అంది ఆమె, ఇంకో గరిటె వేస్తూ.