మోడు తాడి మీది పాలపిట్ట

ఈసారి దసరా నాడు నిద్ర లేచేసరికి నా సెల్‌ఫోన్ నిండా పాలపిట్టలే. దర్శనం చేసుకుని పదిమందికి పంపితే ఏడాదంతా జయమేనని ఒక్కొక్క బొమ్మ కింద ఉపదేశం. అందులో సగం పాలపిట్టలు కానే కావు. ఒకటి లకుముకి పిట్ట, ఇంకొకటి ఏ దేశపుదో రంగుల చిలక, ఆ రెండూ పంపినవాడు మా నల్లగొండ కాలనీ సంఘం కార్యదర్శి. నాకంటే నాలుగేళ్లే చిన్న, పల్లెలో పుట్టి పెరిగినవాడే, అయినా పాలపిట్ట ఎట్లా ఉంటుందో మరిచిపోయినందుకు రవంత సిగ్గు లేదు. ఆ తరువాతి ఆదివారం ఈ మహానుభావుడే పిట్టలకు గూళ్లు కట్టే కార్యక్రమం పెట్టి, పెద్దవాణ్నని నన్ను ముఖ్య అతిథిగా కూర్చోబెట్టాడు.

ఆ గూళ్లు చూసి నవ్వాలో ఏడవాలో తెలియలేదు. రంగు వాసన ఇంకా పోని చెక్క పెట్టెలు, పైన రేకు కప్పు, మూతి పడమటికి. మన ఎండల్లో వాటిలో గుడ్లు పెడితే పిల్లలు కావు, ఉడికి ఊరుకుంటాయి. మూతి ముందర పిట్ట కూర్చోవడానికంటూ ఒక పుల్ల కూడా దిగ్గొట్టారు. గోరింకకు ఆ పుల్లతో పనే లేదు, దాని మీద నింపాదిగా కూర్చుని పిల్లల్ని లాక్కుతినేది కాకి. పైగా మనిషి భుజం ఎత్తులో కట్టారు, ఫొటోలో గూడూ మొహమూ రెండూ పడాలి గదా! అయినా నేను నోరు మూసుకుని దండ వేయించుకున్నాను, ఎందుకంటే పిట్టల విషయంలో ఒకరిని తిట్టే అర్హత నాకెంత ఉందో నాకు తెలుసు.

మా నాయిన నకిరేకల్ దగ్గరి మా ఊళ్లో తాళ్లు గీసి కల్లు పోసేవాడు. కల్లు పట్టడానికి పనికిరాని, అంచు పగిలిన లొట్లను ఎవరినీ పారేయనిచ్చేవాడు కాదు. ఆ కుండలను అడ్డంగా పండబెట్టి, మూతి తూర్పుకు తిప్పి, వాన నీళ్లు నిలవకుండా కాస్త ముందుకు వంచి, గీయని చెట్లకు పైన తాటినారతో బిగించేవాడు. గోరింకలు ఎండాకాలం పొడుగునా వాటిలో పిల్లలు చేసేవి. వానలు వెనుకపట్టి తంగేడు పూసే రోజుల్లో ఒక్కొక్క లొట్టి దించి, పాత గడ్డీ ఈకలూ పురుగులూ దులిపి, లోపల పాము లేదని పుల్లతో తడిమి చూసి, కొత్త నారతో మళ్లీ కట్టేవాడు. మా అవ్వ తన కొడుకు పిట్టల దగ్గర జీతం కుదిరాడని ఎగతాళి చేసేది. నేను ఎగతాళి కూడా చేసేవాణ్ని కాదు. చదువుకున్నవాణ్ని కదా, చీదరించుకునేవాణ్ని.

అయితే ఎంత చీదరించుకున్నా ఒక్కటి మాత్రం నాకు ఇష్టంగా ఉండేది. పొద్దుటే మోకు వేసుకుని చెట్టెక్కినవాడికి ఊరూ చెరువూ అవతలి జొన్నచేన్లూ అన్నీ కనబడతాయి. దిగి వచ్చి కాళ్లు కడుక్కుంటూ, ఆ రోజు ఎవరెవరు వచ్చారో చుట్టాల కబురు చెప్పినట్టు చెప్పేవాడు. తోకాడించే పిట్ట చెరువుకట్ట మీద దిగిందంటే చలి దారిలో ఉన్నట్టు. దాని వెనుక బురదలో ఉల్లంకులు, ఆ వెనుక ఉత్తరాన్నుంచి బారులు కట్టుకుని బాతులు, జొన్న పాలు పోసుకునే వేళకు గులాబి గోరింకలు, వాటిని బండబూతులు తిడుతూ వడిసెలలు తీసే రైతులు. ఈ కబుర్లు ఇంట్లో నాకొక్కడికే చెప్పేవాడు. డిగ్రీ పాసై, ఉద్యోగం లేక మూడేళ్లుగా ఖాళీగా ఉన్న కొడుకుతో ఇంకేం మాట్లాడాలో తోచక చెప్పేవాడేమోనని ఇప్పుడు అనిపిస్తుంది.

వాగు అవతల పిడుగు పడి తల పోయిన తాడి ఒకటి ఉండేది. ఆ మోడు పైతొర్రలో ఏటేటా ఒక పాలపిట్టల జంట పిల్లలు చేసేది. వాటిలో తోక ఈక వంకరపోయినది, కాలమేదైనా, ఎండపొడ పడగానే మోడు తూర్పు అంచునే వచ్చి కూర్చునేది. నాయిన నన్ను తీసుకుపోయి చూపించి, ఎవరికీ చెప్పొద్దన్నాడు, తెలిస్తే దసరాకు దాన్ని బతకనివ్వరన్నాడు.

ఆ ఏడు మండలానికి కొత్తగా వచ్చిన ఆఫీసరు, దసరా సాయంత్రం కుటుంబంతో మా ఊరి జమ్మి దగ్గరికి వస్తానని కబురు పెట్టాడు. ఆయన భార్యకు పాలపిట్టను చూడాలని ముచ్చట. మా సర్పంచి ఆఫీసర్లు కనబడితే నడుము దానంతటదే వంగే మనిషి, ఆయనకు పిట్ట ఎక్కడో ఎగురుతూ కనబడితే చాలదు, చెప్పిన వేళకు కుర్చీల ముందుకు రావాలి. పిట్టలు పట్టేవాణ్ని రప్పించాడు గాని వాడికి జాడ తెలియదు. తాళ్లు గీసేవాడి కొడుకుకు తెలియకుండా ఉంటుందా అని నన్ను పిలిపించాడు. ఆఫీసులో గుమాస్తా ఖాళీ ఒకటి ఉందని మెల్లగా చెవిన వేసి, “ఒక్క పిట్ట జాగా జెప్పు, నీ కాయితం సారు చేతుల నేనే వెడ్త,” అన్నాడు. వడ్డించేవాడు మనవాడైతే కడబంతిలో కూర్చున్నా ఒకటేనని నేనూ లెక్క వేసుకున్నాను. ఆ సాయంత్రమే పిట్టలు పట్టేవాణ్ని వాగు దాటించాను, మోడు చూపించాను, పిట్ట కూర్చునే అంచూ వేళా చెప్పాను. చెట్టెక్కడానికి మా నాయిన పాత మోకు కూడా నేనే ఇచ్చాను. వాడు ఆ అంచున బంక పూసిన పుల్ల పెట్టి దిగాడు.

దసరా నాడు జమ్మి దగ్గర పంజరం మీద కప్పిన తువ్వాలు తీస్తే లోపల అదే పిట్ట. రెక్కలు బంకతో అతుక్కుపోయి, కాళ్లకు దారం కట్టి, నోరు తెరుచుకుని రొప్పుతోంది. దాని మీద పసుపూ కుంకుమా చల్లారు, మొహం దగ్గరే కర్పూరం వెలిగించారు. ఆఫీసరు భార్య ఎంత శుభమోనని మురిసిపోయింది, ఊరి పెద్దమనుషులంతా వరుస కట్టి మొక్కారు. చస్తున్న పిట్టకు దండం పెట్టి తమకు జయం కలగాలని కోరుకునే మనుషులు, థూ! ఆ వరుసలో కొత్త చొక్కా తొడుక్కుని నేనూ ఉన్నాను. జమ్మి ఆకు పంచుతూ వచ్చిన నాయిన వంకర ఈకను చూశాడు. సర్పంచి వైపు చూడలేదు, పట్టినవాడి వైపు చూడలేదు. నా చేతిలో ఆకు పెట్టి, “గా మోడు నీకూ నాకే ఎరుక గదరా,” అని మాత్రం అని ముందుకు పోయాడు.

తెల్లవారేసరికి పిట్ట చచ్చింది. నెల తిరగకుండా నాకు ఉద్యోగం వచ్చింది.

నాయిన నన్ను తిట్టలేదు. పొద్దుటే చెట్టెక్కడమూ, లొట్లు దులిపి కట్టడమూ మానలేదు. దిగి వచ్చి కాళ్లు కడుక్కుని లోపలికి పోయేవాడు, అంతే. కొన్నాళ్లు బింకంగా ఉండి, కార్తీకంలో నేనే ఏం వచ్చాయని అడిగాను. “ఏమున్నయి, మామూలే,” అన్నాడు. హుజూర్‌నగర్‌లో పని చేసినప్పుడూ, మహబూబ్‌నగర్‌కు బదిలీ అయినప్పుడూ ఏటా దసరా సెలవులకు పోయి అడిగేవాణ్ని. ఆయన పోయేదాకా అదే జవాబు.

ఇప్పుడు ఆ తాళ్లన్నీ కొట్టి ప్లాట్లు చేశారు. ఏ చెరువులో ఏ పిట్ట దిగిందో, నాలుగు తాడి చెట్లు కూడా ఎక్కి చూడనివాళ్లు పోటీలు పడి ఫోన్లో చెబుతారు. నేను వాళ్లను చూసి మూతి విరుస్తాను, పాలపిట్టను అమ్మి సంపాదించిన పెన్షన్ తింటూ. కార్యదర్శి మా గోడకూ ఒక పెట్టె కొట్టించాడు. మొన్న దాని ముందరి పుల్ల విరిచి పారేసి, రేకు పీకి చెక్క కప్పు వేసి, మూతి తూర్పుకు తిప్పి పైకెత్తి కట్టాను. ఇవాళ పొద్దున మా డాబా మీద, నీళ్ల తొట్టి పక్కన, తోకాడించే పిట్ట దిగింది. కబురు నోటిదాకా వచ్చింది. చెప్పవలసిన మనిషి లేడు, ఉన్నా నా నోటి నుంచి వింటాడన్న నమ్మకం నాకు లేదు.