చంద్రవ్వ దగ్గర నాటిన ముల్లుకర్రలు

అరవైల చివర బోధన్ చక్కెర ఫ్యాక్టరీ గేటు ముందు మా మేనత్త చంద్రవ్వకు చాయ్ కొట్టు ఉండేది. ఆమె చాయ్ గురించి గొప్పలు చెప్పను. వేడిగా ఉండేది, అంతే. ఆమె మాటకు మాత్రం ఎదురుండేది కాదు.

చెరకు బండ్లు గేటు ముందు రోజుల తరబడి వరుస కట్టేవి. ఎడ్లకు నీళ్లు పెట్టడానికి పోయే బండివాడు ఎడ్లను అదిలించే ముల్లుకర్రను అత్త కొట్టు పక్కన, తన చోటు ప్రకారం నాటి పోయేవాడు. కర్ర ఉన్నంతసేపు వంతు ఉన్నట్టే. ఈ కట్టుబాటును ఎవరూ కాగితం మీద రాయలేదు.

ఒకరోజు పొద్దున్నే భూమి కదిలింది. కాలువ అవతలి పల్లెల్లో మట్టి ఇళ్లు కూలి, దాచుకున్న గింజలు మట్టిపాలయ్యాయి. వాళ్లకు పంపాల్సిన బియ్యం బోధన్ స్టేషన్‌లో ఉంది. కాలువ వంతెన బీటలు వారింది. లారీలు దాటకూడదు, సగం బరువుతో ఎడ్లబండ్లు దాటొచ్చన్నారు. ఉన్న బండ్లన్నీ చెరకుతో గేటు ముందే ఉన్నాయి.

బియ్యం మోయడానికి రమ్మంటే ఎవరూ కదలలేదు. వరుసలో మొదటివాడు లింబాద్రి.

"వంతు పోతే నా చెరుకు ఎండిపోతది అవ్వా. ఎవరు జవాబు?"

"నేనున్న. చెరుకు గీడ్నే దించుండ్రి, కర్రలు నాటుండ్రి. మీ వంతు ఏడికీ పోదు."

ఆమె మాట మీద ఇరవై రెండు బండ్లు బయలుదేరాయి.

మధ్యాహ్నం గేటు గుమాస్తా వచ్చాడు. మిల్లు ఆగకూడదు, ముందు వరుసలో బండ్లు లేవు కాబట్టి వెనక వచ్చినవాళ్లను లోపలికి పంపుతానన్నాడు. అతని మాటా తప్పు కాదు. అత్త ముఖం మొదటిసారి పాలిపోయింది. అప్పుడే వచ్చిన బండ్లలో ముందున్న ఆత్మారాం కిందికి దిగి, కర్రలనూ చెరకు కుప్పలనూ చూశాడు.

"గీళ్లు ఏడికి పోయిండ్రు అవ్వా?"

"పల్లెలకు బియ్యం మోస్తుండ్రు."

అతను తన చెరకు దించి, లింబాద్రి కుప్పను తన బండిలోకి ఎక్కించాడు. లింబాద్రి పేరు మీదే తూకం వేయించి చీటీ అత్తకిచ్చాడు; వంతు తీరిన కర్రను అత్త పీకింది. వెనకవాళ్లూ అదే పని చేశారు. మా బోధన్ మనుషులని చెప్పుకోవడానికి నాకు ఇప్పటికీ ఛాతీ ఉబ్బుతుంది.

అవతలి పల్లెల్లో పొయ్యి ఆరలేదు. మర్నాడు లింబాద్రి తిరిగొచ్చేసరికి అతని కర్ర లేదు, కుప్ప లేదు. నేల మీద కూలబడ్డాడు. అత్త తూకం చీటీ అతని చేతిలో పెట్టింది. చదివించుకుని భోరున ఏడ్చాడు.

"ఏడుపు తర్వాత," అంది అత్త. "ముందుగాల ఆత్మారాం చెరుకు నీ బండికి ఎత్తు."