మందు మట్టి

ఆ మాట చెవిన పడేటప్పటికి మట్టి ఇంకా నా నాలుక మీదే ఉంది. మింగాలో ఉమ్మాలో తెలియక అట్లాగే బిగుసుకుపోయాను. ఇన్నేళ్లయినా ఆ సాయంత్రం నాకు మరపుకు రాదు.

అప్పుడు నాకు మూడో నెల నడుస్తోంది. గోదావరిఖనిలో మా క్వార్టర్లు ఇంకా కొత్త సున్నం వాసన వేస్తున్న రోజులు. అంతకు ముందు ఏడాది నాకు మూడో నెలలోనే కడుపు పోయింది. అందుకని ఈసారి ఇంట్లో ఎవరూ పైకి సంతోషం చూపలేదు. మా అత్త వేళ్ల మీద రోజులు లెక్కపెట్టుకునేది. నేను చూస్తే చెయ్యి కొంగులో దాచేది.

తెల్లారితే చాలు, లైనులో అందరూ ఇళ్ల ముందు బొగ్గు రాజేసేవాళ్లు. పొగంతా పోయి కణకణలాడాకే పొయ్యి లోపలికి వచ్చేది. ఆ పొగ ముక్కుకు తగిలితే నాకు పేగులు నోట్లోకి వచ్చేవి. మా అత్త మాట కరుకు గానీ చెయ్యి మెత్తన. పొయ్యి రాజేయడం ఇంటి వెనక్కి మార్చింది. నేను మంచం దిగకముందే గుప్పెడు జొన్న పేలాలు తెచ్చి దిండు పక్కన పెట్టేది.

"లేవకు. పండుకునే నములు. ఖాళీ కడుపుతోని లేస్తె తిప్పుతది" అనేది.

మధ్యాహ్నం చిన్న అల్లం ముక్క బెల్లంతో దంచి ఇచ్చేది. నిమ్మకాయను గోటితో గీరి నా కొంగుకు ముడివేసేది, పొగ వచ్చినప్పుడు వాసన చూసుకొమ్మని. కడుపు నిండా ఒక్కసారే పెట్టేది కాదు. కొంచెం జొన్న గటక, కాసేపాగి కొంచెం మజ్జిగ. "కోడిపిల్ల లెక్క తినాలె" అనేది. అట్లా తింటే వాంతులు సగానికి సగం తగ్గాయి.

తగ్గనిది మట్టి యావ ఒక్కటే. వాన పడి గోడ తడిస్తే నా నోట్లో నీళ్లూరేవి. ఒకనాడు బొగ్గుబాయిలో ఫస్టు షిఫ్టు ముగించుకుని వచ్చిన మా ఆయన, నేను గోడ నాకుతుంటే చూశాడు. సిగ్గుతో చచ్చిపోయాను. ఆయన మర్నాడు డ్యూటీ నుంచి వస్తూ తువ్వాలలో మూటగట్టి నాలుగు మట్టి కడ్డీలు తెచ్చాడు. వేలంత లావు, జానెడు పొడవు. జల్లెడ పట్టిన ఎర్రమట్టి, ఒక్క రాయి లేదు.

"సున్నం గోడ నాకుతె నాలుక కాలుతది. యావ పుడితె గిది ముక్కు దగ్గర పెట్టుకో. తినకు" అన్నాడు.

"ఏంది గిది?"

"మందు మట్టి. బాయిల వాడుతం" అని స్నానానికి పోయాడు.

తినకు అంటే ఆగే యావేనా అది? బియ్యం కుండలో దాచి రోజూ గోరంత కొరికాను. మూడోనాడు అత్తకు దొరికిపోయాను.

"ఏందే పిల్లా, నోరు ఎర్రగున్నది? వక్కాకు ఎవరిచ్చిండ్రు?"

"మందు మట్టి అత్తా. నీ కొడుకే తెచ్చిండు."

మందు అనగానే ఆమె ముఖం విప్పారింది. "మందా? మరి నాకు చెప్పరేంది! నా కడుపుల మంట యాడాది సంది గట్లనే ఉన్నది" అంటూ కడ్డీ విరిచి తానూ నోట్లో వేసుకుంది. ఇక ఆ రోజు నుంచి అన్నం తిన్నాక ఇద్దరం గోడకు ఆనుకుని చెరొక ముక్క. "గుణమిస్తంది పిల్లా" అనేది త్రేన్చి.

ఆ సాయంత్రం మేము నములుతుండగానే మా ఆయన వచ్చాడు. చేతిలోని టిఫిన్ డబ్బా కింద పడింది.

"అవ్వా! గది తింటున్నవా?"

"మందేగద కొడకా."

"గా మందు గాదే అవ్వా! బండ పేల్చే మందు! బండకు తూట్లు పెట్టి, మందు దట్టించి, మీదికెళ్లి గీ మట్టితోని మూస్తం!"

మాకు మందంటే ఒళ్లు బాగుచేసేది. బాయిలో దిగేవాళ్లకు బండ పేల్చేది. ఆయన రోజూ "మందు పెట్టినం" అంటుంటే వింటూనే ఉన్నాను, ఒక్కనాడూ తట్టలేదు.

"పేలుతదారా?" అంది అత్త. ఆమె చూపు నా కడుపు మీదే ఉంది.

"మట్టి పేలదే. దాంట్ల మందు ఉండదు. కాని..." ఆయన తన చేతులు చూసుకున్నాడు. "మందు మోసిన చేతులతోనే మూటగట్టిన."

నోట్లోది ఉమ్మేశాను. పోయినసారి నేనేమీ చేయకుండానే పోయింది. ఈసారి నా నోటితో నేనే పోగొట్టుకుంటున్నానా అనిపించింది.

మర్నాడు పొద్దున్నే దవాఖానకు పోయాం. నర్సమ్మ నా కంటి రెప్ప కిందికి లాగి చూసింది.

"మట్టి మీదికి పాణం గుంజుతుందంటె ఒంట్ల రక్తం తక్కువున్నట్టు. అప్పుడే రావాలె గద బిడ్డా. మట్టికి మందు అంటిందో లేదో మేం చెప్పలేం. నొప్పి లేచినా, ఎరుపు కనబడినా జల్ది రా." తర్వాత అత్త వైపు తిరిగింది. "నువ్వెందుకు తిన్నవమ్మా? నీకూ నెల తప్పిందా?"

ఎవరికైనా ఎదురు చెప్పే మా అత్త కొంగుతో నోరు తుడుచుకుంది.

డాక్టరమ్మ రక్తానికి గోలీలు రాసింది. పేలాలు, అల్లం, నిమ్మకాయ మానొద్దంది. తోటకూర, పల్లీలు, బెల్లం తినమంది. మట్టి ముట్టొద్దంది. పది పదిహేను రోజులకు యావ తగ్గింది, భయం తగ్గలేదు. అత్త ఇప్పుడు వేళ్లు దాచకుండానే లెక్కపెట్టేది. మా ఆయన వాకిట్లోనే రెండుసార్లు సబ్బుతో చేతులు కడుక్కుని గానీ గడప దాటేవాడు కాదు.

మూడో నెల గడిచింది. నాలుగూ గడిచింది. ఐదో నెలలో ఒకనాడు బియ్యం ఏరుతుంటే లోపల చిన్నగా ఏదో తన్నింది. అత్త చెయ్యి లాగి కడుపు మీద పెట్టాను. రెండోసారి తన్నింది.

"వామ్మో, పేలిందే!" అని అరిచింది మా అత్త.

వాకిట్లో చేతులు కడుక్కుంటున్న మనిషి ఉరికొచ్చాడు. మొహంలో నెత్తురు చుక్క లేదు.

"ఏం పేలింది? అవ్వా, ఏం పేలింది?"

అత్త ఏడుస్తోంది, నేను నవ్వుతున్నాను. ఆయన మోచేతుల దాకా సబ్బు నురగతో ఇంటి మధ్యలో నిలబడిపోయాడు.