రోహిణి పిల్ల, తొలి పిడికెడు

నా చిన్నప్పుడు నాకు ఆకాశంలో ఒక చుక్కంటే ఒళ్ళుమంట. అది రోహిణి. మా అక్క ఆ నక్షత్రంలో పుట్టింది. ఆ నక్షత్రం పిల్ల చెయ్యి కలిసొస్తుందని మా నాయన ఏటా వేరుశనగ విత్తే రోజు విత్తనాలు జారవిడిచే గొర్రుకు కట్టిన జడ్డిగం గిన్నెలో తొలి పిడికెడు గింజలు ఆమె చేతే వేయించేవాడు. నేను పక్కన నిలబడి చూసేదాన్ని. పంట పండితే అక్క చెయ్యి మంచిది, ఎండితే వాన చెడ్డది. ఈ న్యాయం నాకెప్పుడూ మింగుడుపడలేదు.

అక్కకు ఊళ్ళో ఏడో తరగతి అయిపోవచ్చింది. పై చదువుకు కళ్యాణదుర్గం హాస్టలుకు పంపమని నాయనను కాళ్ళావేళ్ళా పడి అడిగింది. ఇంటి అదృష్టాన్ని బయటికి పంపేది లేదని ఆయన తెగేసి చెప్పాడు. అక్క ఏడ్చింది. నన్నెవరూ అలా పట్టుకుని ఆపరు కదా అని నేనూ ఏడ్చాను.

ఆ మాఘమాసంలో ఒక సాయంత్రం కరెంటు పోయి టీవీ ఆగిపోతే అందరం మిద్దె ఎక్కాము. పిల్లలకోడి చుక్కల గుంపుకు కాస్త అవతల, సగం చంద్రుడి పక్కనే రోహిణి ఎర్రగా మెరుస్తోంది. మా అవ్వ కథ ఎత్తుకుంది. ఇరవై ఏడుగురు భార్యల్లో చంద్రుడు రోహిణిని మాత్రమే దగ్గర పెట్టుకున్నాడట, తక్కిన అక్కచెల్లెళ్ళు కుళ్ళుకున్నారట. నా కడుపుమంట తెలిసే చెబుతోందనిపించి మూతి ముడుచుకున్నాను. కుళ్ళుకున్నవాళ్ళ పక్షమే నాది.

కథ సగంలో ఉండగానే చుక్క ఆరిపోయింది. చంద్రుడిలో వెలుగు లేని సగం మెల్లగా జరిగి దాన్ని కప్పేసింది. అలాంటిది అవ్వ కూడా ఎప్పుడూ చూడలేదేమో, కథ ఆపి కళ్ళు చికిలించి పైకి చూసింది. నాకైతే లోలోపల సంబరం. తర్వాత ఆమె నాయన వైపు తిరిగింది.

"ఏమప్పా, ముద్దని అంత దగ్గర పెట్టుకున్నాడు గదా. ఇప్పుడు యాడుండాది, చూపించు."

అన్నాలు తిని మళ్ళీ పైకెక్కేసరికి చుక్క చంద్రుడికి అవతలి పక్కన ఎప్పటిలాగే ఎర్రగా ఉంది. "బయటికొచ్చినాది" అన్నాడు నాయన.

వేసవి దాటగానే అక్క నాయన కొనిచ్చిన కొత్త పెట్టె పట్టుకుని కళ్యాణదుర్గం బస్సెక్కింది. ఆ పెట్టెకూ కుళ్ళుకున్నాను.

ఆరుద్ర కార్తెలో వాన పడింది. తొలి పిడికెడు నా చేతికొచ్చింది. ఎన్నేళ్ళుగానో కోరుకున్న పని. గింజలు వేసి, మెచ్చుకుంటాడని తలెత్తి చూశాను. నాయన నా చెయ్యి చూడటం లేదు, కళ్యాణదుర్గం బస్సు పోయే రోడ్డు వైపు చూస్తున్నాడు.

పెద్దయ్యాక తెలిసింది, వృషభరాశిలోని ఆ ఎర్రచుక్క సూర్యుడి కంటే ఎన్నో రెట్లు పెద్దదని, చంద్రుడికి ఎంతో దూరాన వెనక ఉందని. అంత పెద్దదాన్ని కప్పడానికి, మనకు దగ్గరగా ఉన్న చిన్న చంద్రుడు చాలు. నా బిడ్డలను మరీ దగ్గరికి లాక్కున్నప్పుడు అవ్వ మాట గుర్తొస్తుంది, చెయ్యి కాస్త వదులు చేస్తాను. అయినా ఆ చుక్క పక్కన చంద్రుడు కనబడితే నాకిప్పటికీ కొంచెం ఒళ్ళుమంటే.