తుప్పు పిన్నుల ధర

ఆ రోజుల్లో నాకొక జబ్బు ఉండేది. కంటికి కనిపించిన ప్రతిదానికీ మనసులో ధర కట్టేవాణ్ణి. పెళ్ళికి వెళితే వధూవరుల మీద అక్షింతలు పడేలోపే షామియానా అద్దె ఎంతో తేల్చేసేవాణ్ణి. చర్చిలో పాస్టరుగారు పాపం గురించి చెబుతుంటే, నేను పైకప్పు రేకుల్ని చూస్తూ వాటి మీద కాంట్రాక్టరుకి ఎంత మిగిలి ఉంటుందో లెక్క వేసేవాణ్ణి (బాగానే మిగిలింది, ఆ కాంట్రాక్టరు మా బావగారే). పన్నెండో తరగతితో చదువు ఆగిపోయినా లెక్కలు మాత్రం ఎవరూ నేర్పకుండానే పట్టుబడ్డాయి. ఇలా సొంతంగా లెక్కలు నేర్చుకున్నవాడికి ఒక ప్రమాదం ఉంది. లెక్క తప్పదు కాబట్టి తానూ తప్పనని అనుకుంటాడు. ఆ నమ్మకంతోనే నేనొకసారి ఓడెక్కి, రైలెక్కి హైదరాబాదు దాకా పోయి, కామిక్స్ మేళాలో పాత పుస్తకాల వ్యాపారినని ఒక బల్ల వెనక కూర్చున్నాను.

మాది అండమాన్ దీవుల్లోని మాయాబందర్. మా అక్క భర్తకి, అంటే ఇందాక చెప్పిన బావగారికి, కాంట్రాక్టులతోపాటు జెట్టీ రోడ్డులో సిమెంటు దుకాణం, దాని వెనక గోడౌను ఉన్నాయి. నాకు పాతికేళ్ళు దాటగానే ఆ గోడౌను నా కోసమే కట్టించినట్టు ఆయన మాట్లాడటం మొదలుపెట్టారు. నాకేమో సిమెంటు మాట వింటేనే ప్రాణం పోయేది. మా ద్వీపాల తేమకి బస్తాలోనే గడ్డకట్టే సరుకు అది. దాని పక్కన కూర్చున్న మనిషి కూడా అలాగే గడ్డకడతాడని నా భయం. అలాంటి సమయంలో ఫోనులో ఒక వీడియో చూశాను. మెయిన్‌లాండులో ఎవరో ఒక పాత హిందీ కామిక్‌ని మోటారుసైకిలు ధరకి కొన్నాడట. నా బుర్రలో లెక్క పరుగెత్తింది. మా దగ్గర ఏ ఇంట్లో చూసినా కామిక్స్ ఉంటాయి. కారణం ఓడ. రోజుల తరబడి సముద్రం మీద పిల్లలు ఏడవకుండా ఉండాలని తల్లిదండ్రులు మెయిన్‌లాండు రేవు దగ్గర కామిక్స్ కొని ఎక్కించేవారు. ఒడ్డుకి చేరాక పారేసేవారు కాదు, ఇక్కడ మళ్ళీ దొరకవు కాబట్టి. అంటే ఉత్తర అండమాన్‌లోని ట్రంకుపెట్టెల అడుగున మోటారుసైకిళ్ళు పడి ఉన్నాయన్నమాట, వాటి యజమానులకే తెలియకుండా.

ఈ సంగతి బావగారికి చెబితే ఆయన నవ్వలేదు. నవ్వి ఉంటే బాగుండేది.

"చూడు బామ్మర్దీ," అన్నారు, "నీ సరదా ఎందుకు కాదనాలి. పోయిరా. పోయిన ఖర్చంతా వాపస్ తెచ్చావనుకో, జిందగీలో నీ దగ్గర సిమెంటు మాట ఎత్తను. పక్కా. తేలేదనుకో, ఫస్ట్ తారీకు పొద్దున్న గోడౌను తాళం నీ చేతిలో ఉంటాది. మళ్ళీ నా దగ్గర నఖరాలు చెయ్యకూడదు."

"ఖర్చు మాత్రమే తెస్తే చాలా బావా? లాభం అక్కర్లేదా?"

"నీకు లాభమా?" అన్నారాయన జాలిగా.

అలా నా మిగిలిన జీవితమంతా ఆ ఒక్క ప్రయాణం మీద పడింది. మాయాబందర్‌లో ఇల్లిల్లూ తిరిగాను. బస్సెక్కి డిగ్లీపూర్ పోయాను. అక్కడ కిరాణా కొట్టు నడిపే మా దూరపు పిన్ని ఒకావిడ అటక మీది పెట్టె దించి, నేను ధర చెప్పగానే నా నుదుటి మీద చెయ్యి పెట్టి చూసింది.

"జ్వరం లేదు. మరి ఈ చెత్తకి పైసలిస్తానంటావేంటి? దిమాక్ ఠీక్‌గానే ఉందా?"

"ఉంది పిన్నీ."

"ఠీక్‌గా ఉన్నవాడు ఇస్తానంటే దీంట్లో ఏదో ఉన్నట్టే. రేటు పెంచు."

పెంచాను. ఆ పెట్టెలోనే నా నిధి దొరికింది. జలరాక్షసుడు అనేవాడి కథల్లో మొట్టమొదటి సంచిక, అదీ తెలుగులో. హిందీవి వేలల్లో వచ్చాయి గానీ తెలుగులో కొద్ది నెలలే వచ్చి ఆగిపోయాయట. ఫోనులో వెతికితే దాని ధర చెప్పినవాడే లేడు. ధర లేని వస్తువు దొరికితే లెక్కలవాడికి ఎంత మత్తెక్కుతుందో చెప్పలేను.

ఇక్కడే నేను ఒక ఘనకార్యం చేశాను. మా ఊళ్ళో ఉప్పుగాలికి పుస్తకాల పిన్నులు తుప్పుపట్టి కాగితాన్ని తినేస్తాయి. అందుకని మా తెలుగు చర్చిలో ఏటా వానలకి ముందు పాటల పుస్తకాలన్నీ పోగేసి, పిన్నులు లాగేసి, చేపలు పట్టే నైలాను దారంతో కుట్టేస్తారు. ఆ పని పెద్దాయన సూదితాతది. ఆయన దగ్గరే నేనూ చిన్నప్పుడు నేర్చుకున్నాను. "పిన్నంటే పుస్తకానికి పురుగు రా బాబూ. చూస్తూ ఊరుకోకూడదు, లాగి పారీ," అనేవాడు. మా దృష్టిలో పిన్ను ఉన్న పుస్తకం పళ్ళు తోముకోని మనిషిలాంటిది, బయటికి తీసుకెళ్ళేది కాదు. కాబట్టి నేను కొన్న కామిక్స్ అన్నిటికీ పిన్నులు లాగేశాను. పిన్ను చేసిన రంధ్రాల్లోంచే, కొత్త రంధ్రం ఒక్కటైనా పడకుండా, నైలాను దారం పోనిచ్చి, లోపల ముడి కనిపించకుండా కుట్టాను. సూదితాత కళ్ళజోడు పైకెత్తి చూసి, "నాకన్నా బాగా కుట్టావు," అన్నాడు. తుప్పు పిన్నులన్నీ పొట్లం కట్టి జెట్టీ చివరికి వెళ్ళి సముద్రంలో పారేశాను, దారిలో ఎవరి కాలికైనా గుచ్చుకుంటాయని. అంత మంచివాణ్ణి అప్పుడు.

మేళా సంగతి ఏం చెప్పమంటారు. పెద్ద హాలు, చెవులు పగిలే పాటలు, కామిక్ వీరుల వేషాల్లో, వీపుకి అట్టరెక్కలు తగిలించుకుని తలుపులో ఇరుక్కుపోయిన యువకులు. వాళ్ళని చూసి నవ్వుకున్నాను గానీ, అసలు వేషగాళ్ళు పాత పుస్తకాల వరుసలో ఉన్నారని తర్వాత తెలిసింది. మాసిన గడ్డంవాళ్ళు, ఇంట్లో భార్యకి చెప్పకుండా వచ్చినవాళ్ళు, బొమ్మల పుస్తకాన్ని ముక్కు దగ్గర పెట్టుకుని కళ్ళు మూసుకునేవాళ్ళు. నా పక్క బల్ల ఒక హైదరాబాదీ వ్యాపారిది. అందరూ ఆయన్ని కవరన్న అంటున్నారు, ప్రతి పుస్తకాన్నీ ప్లాస్టిక్ కవర్లో పెట్టి సీలు వేస్తాడు కాబట్టి. పలకరింపుగా ఒక పుస్తకం చూపించి ఇందులో కథేమిటని అడిగాను.

"నాకేం తెల్సన్నా. తెరుస్తే సగం రేటు పోతది."

"మరి కొన్నవాళ్ళు?"

"వాళ్ళెందుకు తెరుస్తరు? పైసలు పెట్టి కొన్నరు గదా."

మధ్యాహ్నానికి కాస్త ముందు మా వరుసలోకి ఒక సారు వచ్చారు. రెండు చేతులకీ తెల్ల గ్లోవులు. ఆయన వస్తుంటే వ్యాపారులంతా లేచి నిలబడ్డారు. ఆయన బాగుందంటే పుస్తకం బాగున్నట్టేనట, ఆయన తల అడ్డంగా ఊపితే దాన్ని తూకానికి అమ్ముకోవాల్సిందేనట. జలరాక్షసుణ్ణి చూడగానే మిగతా పుస్తకాలన్నీ పక్కకి జరిపి దాన్ని రెండు చేతులా ఎత్తుకున్నారు. నేను మనసులో గోడౌనుకి శాశ్వతంగా తాళం వేశాను. ఆయన మధ్య పేజీ తెరిచారు.

"పిన్నులేవి?"

"తీసేశాను సార్. తుప్పుపట్టాయి."

"తీసేశారా?"

"చేపల దారంతో కుట్టాను. లాగి చూడండి సార్, ఎంత గట్టిగా ఉందో."

ఆయన లాగి చూడలేదు. పుస్తకాన్ని మూసి, బల్ల మీద మెల్లగా పెట్టి, ఆసుపత్రి వరండాలో డాక్టరు బంధువుల్ని చూసినట్టు నన్ను చూశారు. "తుప్పు పట్టినా ఫర్వాలేదు బాబూ. కానీ ఆ పిన్నులే ఉండాలి. అది చరిత్ర. మీరు చేసింది హత్య," అని చెప్పి, గ్లోవులు విప్పి జేబులో పెట్టుకుని (నా సరుకు తాకినందుకని నా అనుమానం) వెళ్ళిపోయారు. వరుసంతా విన్నది. ఆ తర్వాత నా బల్ల ముందు ఆగినవాళ్ళంతా పుస్తకాలు కొనడానికి కాదు, హంతకుణ్ణి చూడటానికి ఆగారు. పిల్లలకి చదివి వినిపించాలని ఒకావిడ మాత్రం కొన్ని పుస్తకాలు చవగ్గా తీసుకుంది. "భలే, పూర్తిగా తెరుచుకుంటున్నాయండీ," అని మెచ్చుకుంది. ఆవిడని ఎవరూ లెక్కలోకి తీసుకోలేదు, ఆవిడ చదువుతుంది కాబట్టి. నేను మాత్రం వేరే లెక్కలో పడ్డాను. పిన్నులున్న పుస్తకం ధరలోంచి పిన్నులు లేని పుస్తకం ధర తీసేస్తే వచ్చేది రెండు తుప్పు పిన్నుల ధర. ఆ లెక్కన మా జెట్టీ చివర నీళ్ళ అడుగున ఒక పడవ కొనేంత ఆస్తి ఉంది. నాకు పడవ లేదనుకోండి.

భోజనాల వేళ కవరన్న కుర్చీ దగ్గరికి జరుపుకుని జలరాక్షసుణ్ణి తిప్పి తిప్పి చూశాడు. "కొత్త రంధ్రం ఒక్కటి లేదు. ఏం పనితనం అన్నా నీది," అని, తన సంచీలోంచి చిన్న డబ్బా తీశాడు. నిండా పాత పిన్నులు. పనికిరాని పుస్తకాల నుంచి ఏరి దాచుకున్నవట. "దారం కోసెయ్యి. రెండు పిన్నులు దూర్చు. అమ్మినంక నాకింత ఇయ్యి." నేను వద్దనలేదు. ఇంట్లో ఫస్ట్ తారీకు ఎదురుచూస్తోంది. దారం తీసి, తుప్పు మచ్చ మీద సరిగ్గా తుప్పు పిన్ను కూర్చునేలా ఆ పాత రంధ్రాల్లోనే దూర్చాను. పని మాత్రం చక్కగా కుదిరింది. కవరన్న దాన్ని తన ప్లాస్టిక్ కవర్లో పెట్టి మా రెండు బల్లల మధ్య నిలబెట్టాడు.

సాయంత్రం గ్లోవుల సారు మళ్ళీ అటు వచ్చారు. కవర్లో ఉన్న జలరాక్షసుణ్ణి చూసి ఆగారు. తీసి, మధ్య పేజీ తెరిచి, భూతద్దం పెట్టి, తృప్తిగా ఊపిరి వదిలారు. "చూశారా. ఇలా ఉండాలి. ఈ తుప్పు చూడండి, కాగితంలోకి ఎంత సహజంగా దిగిందో. పొద్దున్న ఒక శవాన్ని చూపించారు కదా, దీని పక్కన దాన్ని పెట్టి చూసుకోండి, మీకే తెలుస్తుంది. నేర్చుకోండి." అని ధర అడిగారు. నేను చెప్పాలనుకున్న దానికన్నా కవరన్న చాలా ఎక్కువ చెప్పాడు. ఆయన పర్సు తీశారు. అది చాలు, బావగారి షరతు తీరిపోతుంది.

నాకు ధర్మం గుర్తొచ్చిందని గొప్పలు చెప్పుకోను. వచ్చింది జబ్బే. ఎదుటివాడు లెక్క తప్పు చెబితే నేను ఊరుకోలేను. ఒకటే పుస్తకాన్ని ఆయన రెండని లెక్కపెడుతున్నారు.

"సార్, పొద్దున్న చూసింది కూడా ఇదే పుస్తకం," అన్నాను. "రెండోది లేదు. దారం కోసి పిన్నులు పెట్టాం. ఈ మధ్యాహ్నమే."

కవరన్న కళ్ళు మూసుకున్నాడు. సారు ముఖం ఎర్రబడింది. నేను రెండు చేతులూ బల్ల కిందికి పెట్టుకున్నాను.

"ఏళ్ళ తరబడి ఈ రంగంలో ఉన్నాను," అన్నారాయన. "కుట్టిన పుస్తకానికీ అసలు పుస్తకానికీ తేడా నాకు తెలియదంటారా? అమ్మడం ఇష్టం లేకపోతే లేదని చెప్పండి. ఇంతకన్నా ఎక్కువిచ్చేవాడు ఎవరైనా దొరికాడా?"

"లేదు సార్, నిజంగానే..."

"ఎంతిస్తానన్నాడు?" అని, నా జవాబు కోసం ఆగకుండా, ఆయనే ధర పెంచి, బల్ల మీద పెట్టి, పుస్తకాన్ని గుండెకి హత్తుకుని వెళ్ళిపోయారు. నేను వెనకాలే నాలుగడుగులు వేసి మళ్ళీ చెప్పాను. అట్టరెక్కలవాడు ఒకడు అడ్డం వచ్చాడు.

తిరిగి వచ్చేసరికి కవరన్న చేతులు జోడించి నిలబడి ఉన్నాడు. "నిజం చెప్పి రేటు పెంచినవ్ అన్నా. ఇంత కాలం నుంచి ఈ ధందాలో ఉన్న, ఈ ట్రిక్కు నాకు తట్టలే." అది ట్రిక్కు కాదన్నాను. "అగో, మళ్ళ అట్లనే అంటవ్," అని మురిసిపోయాడు. తన వాటా జేబులో వేసుకుని, వెళ్ళేటప్పుడు నా భుజం మీద చెయ్యి వేసి మెల్లగా అడిగాడు. "మీ తాన సముద్రం గాలికి తుప్పు జల్ది పడ్తదంట గదా. పిన్నులు నేను పంపిస్త. తుప్పు పట్టించి వాపస్ పంపుతవా? నెలకెన్ని అయితయ్?" సిగ్గుచేటు ఏమిటంటే, నా బుర్ర అప్పటికే మా ఇంటి రేకుల కప్పు వైశాల్యాన్ని పిన్నులతో భాగించడం మొదలుపెట్టింది. తల విదిలించుకుని రైల్వేస్టేషనుకి బయలుదేరాను.

ఓడ మీద పడుకుని ఆలోచించాను. వీళ్ళ వ్యాపారంలో నేను ఏ లెక్కా కట్టలేను. కష్టపడి బాగుచేస్తే ధర పోయింది. పాడుచేస్తే వచ్చింది. పాడుచేశానని చెబితే ఇంకా పెరిగింది. అదే సిమెంటైతే, గడ్డకట్టిందంటే గడ్డకట్టిందే. దాని మీద పిడికిలితో కొట్టి చూసి ఇది చరిత్ర అనేవాడు మాయాబందర్‌లో ఇంకా పుట్టలేదు.

ఇంటికి చేరి, ఖర్చుకి సరిపడా, పైన ఇంకా కొంత, బావగారి ముందు పెట్టి గోడౌను తాళం అడిగాను. ఆయన ఓదార్పు మాటలు సిద్ధం చేసుకుని కూర్చున్నారు, అవి ఎక్కడ వాడాలో తెలియక తికమకపడ్డారు.

"అరే, తెచ్చావు కదా. మత్లబ్, గెలిచావు. గెలిచినవాడివి తాళం ఎందుకు అడుగుతున్నావు?"

నేను జరిగింది జరిగినట్టు చెప్పాను. గ్లోవులు, పిన్నులు, నేను నిజం చెప్పడం, ఆయన పెంచడం. బావగారు చివరిదాకా విని, అక్క వైపు తిరిగి, గొంతు తగ్గించి, "పాపం, ఎక్కడో అప్పు చేసి పట్టుకొచ్చాడు. ఏమీ అనకు," అన్నారు. అక్క కళ్ళు తుడుచుకుని నాకు చేపల పులుసు వేసింది.

ఇప్పుడు ఆ దుకాణం లెక్కలన్నీ నావే. బావగారు పెద్దవారయ్యారు, మధ్యాహ్నాలు వచ్చి కూర్చుంటారు. కొత్తవాళ్ళెవరైనా వస్తే, నేను హైదరాబాదులో బొమ్మల పుస్తకాలు అమ్మబోయి బోర్లాపడి, పరువు కోసం అప్పు తెచ్చి చూపించి, బుద్ధి తెచ్చుకుని సిమెంటులోకి వచ్చిన కథ చెబుతారు. మొదట్లో నేను ఒప్పుకునేవాణ్ణి కాదు. నేనెంత కాదంటే ఆయన కథలో నా అప్పు అంత పెరిగేది. ఈ మధ్య ఊరుకుని వింటున్నాను. బాగుంటుంది ఆయన కథ. అందులో ఒక కుర్రాడు ఓడిపోతాడు, ఓడిపోయినవాడు వెళ్ళాల్సిన చోటికే వెళతాడు, ఎక్కడా లెక్క తప్పదు. నా కథలో కుర్రాడు గెలిచి కూడా తనంతట తానే గోడౌను తాళం అడుగుతాడు. ఎవరు నమ్ముతారు చెప్పండి? ఇద్దరిలో నాకు బావగారి కుర్రాడంటేనే కొంచెం ఇష్టం.