షుగరు మనిషికి బెల్లం పెట్టిన మా అటెండరు

మా అటెండరు పోయాడు. మొన్న సోమవారం మధ్యాహ్నం, మా అప్ప పూలబుట్ట పక్కన, తడిపిన గోనె మీద పడుకున్నవాడు పడుకున్నట్టే పోయాడు. గుండె ఆగిందని పశువుల డాక్టరు చెప్పారు. ముసలితనం అని మాకు ఆయన చెప్పకముందే తెలుసు.

కబురు తెలిసి వీధిలో కొందరు పరామర్శకి వచ్చారు. ఎక్కువమంది తమాషా చూడ్డానికి వచ్చారు. ఎందుకంటే, సగం చదివాక మీరు నన్ను తిట్టుకోకుండా ముందే చెప్పేస్తున్నాను, మా అటెండరు కుక్క. జాతికుక్క కూడా కాదు. అనకాపల్లి బెల్లం మార్కెట్ వెనకాల, పాకం కారిన గోనెలు నాకుతూ పెరిగిన ఊరకుక్క. కుక్కకి నివాళి ఏమిటని పేజీ తిప్పేసేవాళ్లు ఇక్కడే తిప్పేయొచ్చు, నేను ఆపను. మనుషులు పోయినప్పుడు రాసినవి నేను చాలా చదివాను. అందులో కొందరికంటే మావాడు ఎక్కువ పనిచేశాడు. పేర్లు చెప్పను. వాళ్ల కొడుకులు మా వీధిలోనే ఉన్నారు.

మా అప్ప అంటే నా పెద్దక్క. ఆమెకి చిన్నప్పటి నుంచీ షుగరు. పూటపూటకీ ఇన్సులిను సూది. ఆమె పని పూలజడలు అల్లడం. పెళ్లికూతురి జడ పొడవునా మల్లెలు, కనకాంబరాలు, మరువం వరసలు వరసలుగా కుట్టుకుంటూ రావాలి. పెళ్లిచూపులకి వచ్చినవాళ్లంతా ‘షుగరా’ అని కాఫీ సగంలో వదిలేసి లేచిపోయినవాళ్లే. ఆ కోపమో ఏమో, చుట్టుపక్కల పెళ్లికూతుళ్లందరి జడలూ తనే అల్లింది. దేవరాపల్లి, రోలుగుంట, గొలుగొండ, ఎక్కడ పెళ్లయినా నా ఆటోలో పూలబుట్ట, అప్ప, అటెండరు.

షుగరంటే మనవాళ్లకి తెలిసింది ఒక్కటే, ఎక్కువైపోవడం. తక్కువైపోవడం కూడా ఉంటుందనీ, అది ఎక్కువకంటే తొందరగా మనిషిని తీసుకుపోతుందనీ ఎవరికీ పట్టదు. సూది పడి తిండి ఆలస్యమైతే చాలు, షుగరు పడిపోతుంది. అలా పడిపోయేటప్పుడు వెనకటికి అప్పకి చెమటలు పట్టి, చేతులు వణికి ముందే తెలిసేది. ఏళ్లు గడిచేసరికి ఒళ్లు ఆ చెప్పడం మానేసింది. మాట్లాడుతూ మాట్లాడుతూ మాట ముద్దయిపోయి పక్కకి ఒరిగిపోయేది. వేలు పొడుచుకుని చూసుకునే మిషనుంది. కానీ చేతినిండా దారం, పూలు ఉన్నప్పుడు మిషను గుర్తొచ్చేదెప్పుడు?

మార్కెట్ నుంచి వెంటబడి వచ్చిన ఈ కుక్కపిల్ల, అప్ప షుగరు పడిపోయినప్పుడల్లా ఆమె చెయ్యి వదలకుండా నాకడం మొదలుపెట్టింది. దాన్ని కనిపెట్టింది మా వీధి చివరి మావ. పోలీసు కుక్కల దగ్గర పనిచేసి రిటైరైనవాడు. “సెమట వోసన మారతాదిరా, ఈడి ముక్కుకి తెలిసిపోతంది” అన్నాడు. అప్పటి నుంచి అప్పకి షుగరు తగ్గినప్పుడల్లా ఆమె చెమట దూదితో అద్ది, డబ్బాలో పెట్టి, ఫ్రిజ్‌లో గడ్డకట్టించి, మర్నాడు ఇంట్లో ఎక్కడో దాచి వీడిచేత వెతికించేవాళ్లం. ఐసు కోసమని మా అన్నయ్య ఆ డబ్బా తీసిన రోజు ఇల్లు దద్దరిల్లింది.

“ఫ్రిజ్‌లో సెమటేట్రా! మనుసులేనా మీరు?”

“అన్నియ్యా, అది అప్ప సెమటే గాని ఊరోల్లది కాదు” అన్నాను. ఆ రోజు నాకు అన్నం పెట్టలేదు.

మావ ఒకటే చెప్పేవాడు: “కుక్కకి ఊరికే అన్నం ముద్దెట్టకూడదురా, ఉజ్జోగం ఇవ్వాలి. ఉజ్జోగం ఉన్న కుక్క అలగదు.” కొన్ని నెలలకి వీడి ఉద్యోగం ఖరారైంది. వాసన తేడా రాగానే అప్ప మోకాలి మీద కాలు వెయ్యాలి. ఆమె వినకపోతే మళ్లీ వెయ్యాలి. అప్పటికీ వినకపోతే చేతిలో ఏముంటే అది లాగెయ్యాలి. మొరగకూడదు. నా పాత ఖాకీ చొక్కా చింపి వీడికి కోటు కుట్టాం. ఒక జేబులో మిషను. ఇంకో జేబులో కాగితం చుట్టిన బెల్లం ముక్క. అనకాపల్లిలో పుట్టినవాడికి గ్లూకోజు పొట్లమెందుకు?

పేరు ఎలా వచ్చిందంటే, అప్పని ఒక ఆసుపత్రికి తీసుకెళ్లాం. గోడమీద బోర్డులో రోగితో ఒక్క అటెండెంటుకే ప్రవేశం అని ఇంగ్లీషులో ఉంది. ఇంటర్ తప్పినవాడి ఇంగ్లీషు కదా, నేను అటెండర్ అని చదివాను. కుక్కని ముందుకి తోసి, “ఈడే మా అటెండరు, నాను బైటుంతాను” అన్నాను.

గేటు దగ్గర సెక్యూరిటీ నన్నూ కుక్కనీ మార్చి మార్చి చూశాడు. “ఇది కుక్క.”

“కుక్కే. బోర్డు మీద మనిసే అవ్వాలని ఉందేటి?”

“అది అటెండరు కాదయ్యా, అటెండెంటు. అటెండరంటే ఆఫీసుల్లో స్టూలు మీద కూకునోడు.”

“అలగైతే ఓ స్టూలు ఇప్పించండి, కూకుంతాడు.”

లోపలికి పోనివ్వలేదు. అప్ప ఒక్కతే వెళ్లింది. మేమిద్దరం గేటు బయట ఎండలో కూర్చున్నాం. వచ్చే ప్రతి పేషెంటుకీ “మా అటెండర్ని రానివ్వట్లేదండీ” అని నేను ఫిర్యాదు చేస్తూ ఉన్నాను, వాడు తలుపు వైపు చూస్తూ ఉన్నాడు. ఆ రోజు మేం ఓడిపోయాం. పేరు మాత్రం మిగిలింది. మర్నాడే ఎర్ర దారంతో కోటు మీద అప్ప ఆ పేరు కుట్టేసింది.

ఆ ఖాకీ కోటుతో నాకు బోలెడు వినోదం. ఆటో రిపేరుకిచ్చినప్పుడు నర్సీపట్నం బస్సెక్కాం. కండక్టరు దించెయ్యమన్నాడు.

“డూటీలో ఉన్నాడు సార్” అన్నాను.

కండక్టరు కోటు చూశాడు. గొంతు తగ్గించాడు. “ఏ స్టేషను?”

“నన్నడక్కండి, ఆణ్నడగండి.”

ముందు సీట్లో రెండు సంచులు ఒళ్లో పెట్టుకున్న ఒకాయన వచ్చే స్టాపులో దిగిపోయాడు. సంచుల్లో ఏముందో నాకు తెలీదు. మావాడికి అసలే అక్కర్లేదు. ఖాళీ అయిన సీట్లో అప్ప కూర్చుంది, వాడు ఆమె కాళ్ల దగ్గర ముడుచుకున్నాడు. నేను పోలీసు కుక్క అన్నానా? లేదు. డ్యూటీ అన్నాను. అది నిజం.

ఇంతమందిని ఏడిపించానుగానీ వాణ్ని ఒక్కసారి కూడా బోల్తా కొట్టించలేకపోయాను. అప్పలా ఒరిగిపోయి, మాట ముద్దచేసి, గుడ్లు తేలేసి నటించేవాణ్ని. వచ్చి నన్ను ఒక్కసారి వాసన చూసి, ఆవలించి, వెళ్లి పడుకునేవాడు.

ఇప్పుడు అసలు సంగతి. దేవరాపల్లి అవతల ఒక చెరుకు రైతు ఇంట్లో పెళ్లి. పొద్దున్నే వెళ్లాం. పెళ్లింట్లోకి కుక్కేమిటని గొడవ. చివరికి గుమ్మం దగ్గర కూర్చోడానికి ఒప్పుకున్నారు. గుమ్మానికి లోపలి పక్క పీట మీద పెళ్లికూతురు, వెనక అప్ప. నేను అరుగు మీద టీ తాగుతున్నాను.

టిఫిన్లు ఆలస్యమయ్యాయి. లోపల జరిగింది తర్వాత వాళ్లూ వీళ్లూ చెబితే తెలిసింది. అటెండరు లేచి అప్ప మోకాలి మీద కాలు వేశాడు. “ఉండరా, ఈ వరస అవనీ” అంది. ఇది ఆమెకి అలవాటు. మళ్లీ వేశాడు. “ఉండమన్నానా?” అప్పుడు దారపుండ లాక్కున్నాడు. అప్పుడుగానీ ఆమెకి తెలివి రాలేదు. వాడి జేబులో చెయ్యి పెట్టి బెల్లం తీసింది. అంతే, పెళ్లికూతురి మేనత్త ఒకామె టక్కున ఆ చెయ్యి పట్టేసుకుంది.

“ఓలమ్మ! షుగరు మనిసివి బెల్లం తింతావేటి? సచ్చిపోతావు!”

“వదలండి… నాకు… తగ్గి…” అప్ప మాట అప్పటికే ముద్దయిపోయింది.

“సూడండే, నోట మాట రాట్లేదు. షుగరు ఎక్కీసినాది! బెల్లం లాగీండి!”

ఇంకో ఇద్దరు ఆడవాళ్లు వచ్చి ఆమె భుజాలు పట్టుకున్నారు. చెడ్డవాళ్లు కాదు. ప్రాణం కాపాడుతున్నామనే అనుకున్నారు. బతికించే బెల్లాన్ని గుప్పిట్లో దాచేసి, ఆ మనిషికి విసనకర్రతో విసురుతున్నారు.

అప్పుడు వాడు మొరిగాడు. అంతవరకూ వాడి గొంతు నేను వినలేదు. టీగ్లాసు పారేసి లోపలికి పరిగెత్తేసరికి, మా అటెండరు మేనత్త ముందు నిలబడి, ఆమె గుప్పిట వంక చూస్తూ పళ్లు బయటపెట్టాడు. కరవలేదు. ఆమె హడలిపోయి గుప్పిట విప్పింది. బెల్లం కింద పడింది. వాడు నోటితో తీసుకుని, అప్ప ఒళ్లో పడేశాడు. ఆమె తినేసింది. నేను పంచదార నీళ్లు కలిపి పట్టాను.

కాసేపటికి కళ్లు తేటపడ్డాయి. అప్పుడు మొదలైంది అసలు పంచాయితీ.

“కుక్కెంగిలి తిన్న సేత్తో మా గుంటకి జడల్లుతాదేటి?” అంది మేనత్త.

అప్ప చెంబుతో నీళ్లు తెప్పించుకుని చేతులు కడుక్కుంటూ చెప్పింది: “ఎంగిలైతే కడుక్కుంటే పోతాదమ్మా. పేణం పోతే కడగడానికేటుంతాది?”

పెళ్లికూతురే వెనక్కి తిరక్కుండా అంది, “అప్పా, నా జడ సగంలో ఉండిపోనాది. కానిచ్చీ.” మిగతా జడంతా వాడు గడప లోపలే, అప్ప చీర కొంగు మీద కూర్చోగా పూర్తయింది. మేనత్త వాడికి ఇడ్లీ తెచ్చి పెట్టింది. వాడు ముట్టలేదు. డ్యూటీలో తినేవాడు కాదు.

అలా ఏళ్లు తిరిగాడు. ముసలివాడై కాళ్లు పట్టేసినా ముక్కు మాత్రం పోలేదు. ఆటోలోకి నేను ఎత్తి ఎక్కించేవాణ్ని.

పోయిన రోజు అప్ప ఏడవలేదు. ఇంట్లో ఉన్న మల్లెలన్నీ ముందేసుకుని, పెళ్లికూతురికి అల్లే జడే అల్లి వాడి మెడకి చుట్టింది. ఎదురింటామె చూస్తూ ఊరుకోలేకపోయింది.

“సుబానికి అల్లే సేతుల్తో సవానికి అల్లీసినావేటమ్మా? రేపు నీసేత ఎవులు జడేయించుకుంతారు?”

మా పెరట్లోనే కోటుతో సహా పూడ్చాం. చేతులు కడుక్కుని రాగానే అన్నయ్య తీర్పు చెప్పేశాడు.

“ఇంక సాలు. ఆడుంటే తిరిగినావు, సరే. ఇప్పుడెక్కడో తూలి పడిపోతే ఎవుడు సూత్తాడు? ఒప్పుకున్న రోలుగుంట పెళ్లి ఒద్దని సెప్పీ. నీకేటి తక్కువ? ఇంటికాడ కూకో.”

అన్నయ్యది భయం. ఆ భయం అబద్ధం కాదు. అటెండరు లేకపోతే ఆమెకి ముందుగా చెప్పేవాళ్లు లేరు. అప్ప తన చేతులు చాపి చూసుకుంది.

“సేతి ఏళ్లు పది ఉన్నాయి గదా అన్నియ్యా. ఒకదాని తరవాత ఒకటి పొడుసుకుంతాను. కూకోడం మాత్రం నావల్ల కాదు.”

అప్పటికప్పుడే రోలుగుంట పెళ్లివారికి ఫోను చేసింది. దాపరికం లేదు. “అమ్మా, మా అటెండరు పోనాడు. జడల్లి సాగనంపేను. మనిసి పోతే మైలంతారు, మనిసికన్నా ఎక్కువోడు పోతే ఏటో ఎవులూ సెప్పలేదు. రమ్మంతే వత్తాను, ఒద్దంతే ఇప్పుడే సెప్పీండి.”

అవతలి నుంచి పెళ్లికూతురి తల్లి గొంతు వినిపించింది: “పెందలాడే వచ్చీండమ్మా. గుంటకి జుట్టు దట్టం.”

నేను చెయ్యగలిగింది నేనూ చేశాను. ఆటో వెనకాల రాయించుకున్న సినిమా డైలాగు చెరిపించి, పెద్దక్షరాల్లో ఇలా రాయించాను: ‘షుగరు మనిషి తూలిపోతుంటే బెల్లం పెట్టు. చెయ్యి పట్టుకోకు.’ స్టాండులో వాళ్లు నవ్వుతున్నారు. నవ్వనీండి. చదువుతున్నారు కదా.

నిన్న రోలుగుంట వెళ్లాం. పెళ్లికూతురికి సంగతంతా తెలుసు. అప్ప మొదటి వరస పూర్తి చెయ్యగానే ఆ పిల్ల వెనక్కి తిరిగి, అప్ప మణికట్టు ముక్కుకి ఆనించుకుని గట్టిగా పీల్చింది.

“నాకేటీ తెలట్లేదప్పా. మల్లెపూల వోసనే వత్తంది.”

“నీకు తెలదులే. తల అటు తిప్పు.”

అప్ప దారం పక్కన పెట్టి ఎడమచేతి చిటికెనవేలు పొడుచుకుంది. ఎర్రటి చుక్క ఉబికి వచ్చింది. కొంచెం మిషనుకి అద్ది, మిగిలిన చుక్క మల్లెలకి అంటకుండా ఆ వేలిని గాల్లోకి ఎత్తి పట్టుకుంది. మిషను మీద అంకె వచ్చేదాకా, పీటల మీది ఆడవాళ్లంతా ఆ వేలి వంకే చూస్తున్నారు.