లచ్చక్క హద్దులో నా చేతిపంపు

సొంత ఖర్చుతో సొంత ఇంటికి నీళ్లు బందు పెట్టుకున్న మొనగాణ్ణి మీరు చూసి ఉండరు. చూడాలంటే సెల్‌ఫోన్లు అప్పుడప్పుడే వస్తున్న రోజుల్లో, భద్రాచలం దారిలో అడవి అంచునున్న మా ఊరికి రావాల్సింది. జేబులో కొత్త ఫోను, తలనిండా గాలితో ఒక కుర్ర బడిపంతులు తిరుగుతుండేవాడు. ఆ ఘనుడు నేనే.

మా పెరటికీ పక్కింటి లచ్చక్క పెరటికీ మధ్య కంప కంచె ఉండేది. ఏటా ఎండాకాలం అడవి నుంచి ముళ్లకంప తెచ్చి దాన్ని బాగుచేయడం నా పని. పాత కంప పీకితే చేతులకు ముళ్లు దిగుతాయి కదా, అందుకని కొత్తది దానికి అవతలివైపు ఆనించి వచ్చేవాణ్ణి. పాతది చెదలు పట్టి రాలిపోయేది, మా పెరడు కాస్త పెరిగేది. ఈ సంగతి వీధిలో మేకలకు కూడా తెలుసు, నాకు తప్ప. అలా పెరిగిన జాగాలోనే చేతిపంపు వేయించి, వేసవిలో కూడా ఎండని నీళ్లు మావేనని ఊరంతా డప్పు కొట్టుకున్నాను.

ఒక గాలివానకు కంచె మావైపు వాలింది. అంతే, లచ్చక్క మా జాగా కలుపుకుంటోందని తేల్చేశాను.

"రాతి కడీలు పాతి ముళ్లతీగ కట్టిస్త," అన్నాను మా ఆవిడ సుజాతతో.

"ఎందుకయ్యా? ఆమె మనల్ని ఏమన్నది?"

"నీకు తెల్వదు. ఇయ్యాల కంచె, రేపు ఇల్లు."

"గట్లయితే ముందు ఆమెతోని మాట్లాడు."

మాట్లాడితే నేను నేనెందుకవుతాను? ఖమ్మం నుంచి సర్వేయరును పిలిపించాను, ఊరి పెద్దమనుషులను పోగేసి చాయ్ పోయించాను. సర్వేయరు కొలత గొలుసు విప్పకముందే ఉపన్యాసం మొదలుపెట్టాను.

"కొలత యాడ పడితే ఆడనే కడీ. హద్దంటే హద్దే. ఎవ్వలి మొకం చూసేది లేదు."

"ఆలోచించుకున్నవా తమ్మీ?" అంది లచ్చక్క.

"ఆలోచించాల్సింది నువ్వక్కా."

"అవ్, మంచిది. పెద్దమనుషులు ఇన్నరు కదా."

గొలుసు మా కరివేపాకు చెట్టు దాటింది, బట్టలుతికే బండ దాటింది, మా వెనక దర్వాజా దగ్గరికొచ్చి ఆగింది.

"సార్, మీ కంచె పక్కోళ్ల జాగల ఉన్నది," అన్నాడు సర్వేయరు. "బోరింగు పంపు గూడ."

"మళ్లొకసారి కొలువుండ్రి."

కొలిచాడు. గొలుసుకు పంతుళ్లంటే గౌరవం లేదు. నా చాయ్ తాగుతున్న పెద్దాయన ఒకడు తీరిగ్గా, "కడీలు తెప్పించినవ్ గద, పాతియ్యి," అన్నాడు.

పాతించాను. ఆడిన మాట మరి. చెయ్యి కూడా దూరకుండా కట్టమని తీగ కట్టేవాడికి పొద్దున్నే చెప్పి ఉన్నాను. వాడు నమ్మకంగా కట్టాడు. సాయంత్రానికి చేతిపంపు అటు, ఖాళీ బిందెలు ఇటు. సుజాత బిందె తెచ్చి నా చేతిలో పెట్టింది.

వీధంతా చుట్టి, నా బడి పిల్లలంతా చూస్తుండగా, లచ్చక్క గేటు ముందు నిలబడ్డాను. తిడుతుందనుకున్నాను. తిట్టినా బాగుండేది.

"రా తమ్మీ, పట్టుకపో. నీళ్లకేం కరువు," అంది.

సిగ్గుతో చస్తూ పంపు కొట్టుకుని, బిందె భుజానికెత్తుకుని బయలుదేరాను. వెనక నుంచి పిలిచింది.

"తమ్మీ, పొయ్యేటప్పుడు గేటు పెట్టి పో. హద్దంటే హద్దే గద."

ఆ బిందె సాక్షిగా అక్కడే ప్రమాణం చేశాను, ఈ జన్మలో ఇక దేన్నీ కొలిపించనని. అప్పటినుంచి చొక్కాలు కూడా రెడీమేడ్‌వే కొంటున్నాను.